తేటబడిన సరస్సు

మిషిగన్ రాష్ట్రంలో స్కూబా ఈతగాళ్ళు ఇద్దరు కలిస్తే మొదట పుట్టే ప్రశ్న ఒకటే: "నీళ్ళెలా ఉన్నాయి?" చల్లగా ఉన్నాయని చెబితే అది జవాబు కాదు. అవి ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. ఎంత దూరం కనబడుతున్నదో చెప్పాలి. ఇరవై అడుగులంటే పెదవి విరుస్తారు. నలభై అంటే ఫరవాలేదన్నట్టు తల ఊపుతారు. ఎనభై అంటే కళ్ళు మెరుస్తాయి. హ్యూరన్ సరస్సు గురించి అడిగినప్పుడు ఈ మూడో రకం జవాబు ఇప్పుడు తరచుగానే వినిపిస్తున్నది. దాని వెంటనే ఇంకో మాట కూడా వస్తుంది: "సరస్సు ఎంత బాగుపడిందో చూశారా!"

నా పేచీ ఆ రెండో మాటతో. ఎనభై అడుగుల చూపు అందరిలాగే నాకూ ఇష్టమే. దానికోసం నాలుగు గంటలు కారు నడిపి ఉత్తరానికి పోయేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కాని నీరు తేటబడటం వేరు, నీరు బాగుపడటం వేరు. హ్యూరన్ విషయంలో ఈ రెండూ చాలావరకు ఎదురెదురు దిక్కులకు నడిచాయి. ఆ సంగతి నీటిలోకి దిగేవాళ్ళే ఎక్కువగా మరచిపోతున్నారన్నది నా ఫిర్యాదు.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. విజిబిలిటీ అన్న మాటకు 'దృశ్యత' వంటి పదాలు నిఘంటువుల్లో దొరుకుతాయి గాని, నాకు అవి నోటికి పట్టవు. నేను 'చూపుమేర' అంటాను. ఎండాకాలంలో సరస్సు పైపొర వెచ్చగానూ, అడుగుపొర చల్లగానూ ఉండి, రెంటి నడుమ నాలుగైదు అడుగుల్లోనే వేడి ఒక్కసారిగా పడిపోయే చోటు ఒకటుంటుంది. దాన్ని థెర్మోక్లైన్ అంటారు. దానికి 'చలిగడప' అని పేరు పెట్టుకున్నాను. స్కూబాను స్కూబాగానే ఉంచుదాం. మనకు గజ ఈతగాళ్ళన్న మంచి మాట ఉన్నది గాని, అది పత్రికల్లో పడవ మునిగిన మరునాడో, చెరువులో ఎవరో గల్లంతయిన సాయంత్రమో మాత్రమే కనబడుతుంది. వేడుకకోసం నీటి అడుగుకు పోయేవాడికి ఆ మాట వాడటానికి మనసొప్పదు.

మన భారతంలో నీటి అడుగున చాలాసేపు ఉన్నవాడు దుర్యోధనుడు. సిలిండరు లేకుండా, జలస్తంభన విద్యతో మడుగులో దాగాడు. తమాషా ఏమిటంటే, అంతకు చాలాకాలం ముందు మయసభలో నీటిని నేల అనుకొని అందులో పడ్డవాడూ ఆయనే. తేటదనాన్ని నమ్మితే ఏమవుతుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు :-)

ఇక హ్యూరన్. పేరుకు సరస్సే గాని, దాని విస్తీర్ణం తెలంగాణ రాష్ట్రంలో సగానికి మించి ఉంటుంది. అత్యధిక లోతు 750 అడుగులు. పడమటి ఒడ్డున అల్పీనా అనే చిన్న ఊరుంది. ఆ ఊరి ఎదుట ఉన్న థండర్ బే ప్రాంతంలో పొగమంచు, తుపాన్లు, రాతిగుట్టలు, కిక్కిరిసిన ఓడదారి అన్నీ కలిసి వందేళ్ళకు పైగా ఓడల్ని ముంచాయి. 'షిప్‌రెక్ ఆలీ' అని దానికి పేరు. మనమైతే ఓడల వల్లకాడు అనేవాళ్ళం. 2000లో ఆ ప్రాంతాన్ని జాతీయ రక్షిత జలప్రాంతంగా ప్రకటించారు. 2014లో దాని హద్దుల్ని దాదాపు పదింతలు పెంచారు. ఇంతవరకు గుర్తించిన మునిగిన ఓడలే అక్కడ నూరు దాకా ఉన్నాయి.

ఇన్ని ఓడలు ఇంత చక్కగా నిలిచి ఉండటానికి కారణాలు రెండు. ఓడచెక్కను తొలిచి పిండిచేసే పురుగు ఉప్పునీటి జీవి. మంచినీటి సరస్సులో బతకదు. రెండోది చలి. మంచినీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది గనక, ఏ కాలంలోనైనా అడుగున చేరేది ఆ నీరే. ఎండలు మండే జూలైలో కూడా వంద అడుగుల లోతున నీరు దాదాపు మన ఫ్రిజ్‌లో సీసానీళ్ళంత చల్లగా ఉంటుంది. ఆ చలిలో చెక్క కుళ్ళటం చాలా మెల్లగా సాగుతుంది. 1894లో ఇంకో ఓడను గుద్దుకొని ఇదే ప్రాంతంలో మునిగిపోయిన 'ఐరన్‌టన్' అనే మూడు తెరచాపల ఓడ ఉన్నది. దానిని 2019లో కనుగొని, 2023లో లోకానికి చెప్పారు. మూడు కొయ్యలూ ఇంకా నిటారుగా నిలిచే ఉన్నాయి. ప్రాణాలు దక్కించుకోవలసిన చిన్న పడవ ఓడకు కట్టిన తాడుతోనే ఉన్నది. ఏడుగురిలో అయిదుగురు పోయారు. ఆ తాడు విప్పుకునే వ్యవధి వాళ్ళకు దొరకలేదు. నూట పాతికేళ్ళ తరువాత కూడా ఆ సంగతి ఆ నీరే సాక్ష్యం చెబుతున్నది.

అల్పీనా దగ్గర దిగేవాళ్ళలో చాలామంది చూసేది 'గ్రీషియన్' అనే ఉక్కు ఓడను. 1906లో మునిగింది. అడుగు వంద అడుగుల లోతున ఉంటుంది. నేను మొదటిసారి దానిమీదికి దిగినప్పుడు పైన నీరు కాస్త పచ్చగా, మసకగా ఉండింది. లంగరు తాడు పట్టుకొని దిగుతూ ఉంటే నలభై అయిదు అడుగుల దగ్గర చలిగడప తగిలింది. తగలటమంటే నిజంగా తగలటమే. బుగ్గల మీద ఎవరో మంచుగడ్డ ఒత్తినట్టు నొప్పి పుట్టి, నుదురు పట్టేసింది. గడపకు పైన వెచ్చని నీరు, కింద చల్లని నీరు కలిసే చోట ఎండన తారురోడ్డు మీద గాలి వణికినట్టు నీరు వణుకుతుంది. అది దాటగానే తెర తొలగించినట్టయింది. ఓడ అంతా ఒక్కసారిగా కనబడింది. ఈ చివర నుండి చూస్తే మధ్యభాగం దాకా ఆనింది. సముద్రంలో నేను ఎరిగిన ఏ చూపుమేర కూడా దానికి సాటిరాదు.

కొత్తగా దిగేవాళ్ళకు రెండు ముక్కలు. మంచినీరు సముద్రపు నీటికంటే తేలిక గనక మనిషిని అంతగా పైకి నెట్టదు. సముద్రంలో కట్టుకొనే సీసంలో నాలుగైదు పౌండ్లు తగ్గించుకోవచ్చు. చల్లని నీటికి తగిన రెగ్యులేటర్ లేకపోతే అది లోపల మంచు కట్టి, గాలిని ఆపకుండా వదిలేస్తుంది. ఇక అడుగున ఒండ్రు మీద ఒక్కసారి రెక్కలాడిస్తే చాలు, ఎనభై అడుగుల చూపుమేర అర నిమిషంలో ఎనిమిది అంగుళాలవుతుంది. ఆ పాపం మీ వెనక వచ్చేవాళ్ళు అనుభవిస్తారు.

ఇక్కడ ముప్ఫయి నలభై ఏళ్ళుగా దిగుతున్న ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆయన తొలిరోజుల్లో ఇదే ఓడ మీద పది పదిహేనడుగులు కనబడితే అదృష్టమనుకునేవారట. ఓడను ఏనుగును గుడ్డివాళ్ళు తడిమినట్టు తడిమి తెలుసుకున్నామని చెబుతారు. మరి ఆ నీరు ఈ నీరుగా ఎలా మారింది?

1988లో డిట్రాయిట్ పక్కనే ఉన్న సెయింట్ క్లెయిర్ సరస్సులో వేలిగోరంత ఆల్చిప్ప ఒకటి దొరికింది. గుల్ల మీద చారలుండటం చేత దానిని జీబ్రా ఆల్చిప్ప అంటారు. నల్లసముద్రం, కాస్పియన్ ప్రాంతాల జీవి. ఓడలు బరువు నిలుపుకోవటానికి అడుగున నింపుకొనే నీటిలో కూర్చొని అట్లాంటిక్ దాటి వచ్చింది. దాని వెనకనే దాని దాయాది క్వాగా ఆల్చిప్ప కూడా వచ్చింది. జీబ్రాకు రాయో, ఇనుమో, చెక్కో గట్టి ఆధారం ఉండాలి. క్వాగాకు ఆ పట్టింపు లేదు. బురద మీదనైనా బతుకుతుంది, మూడు వందల అడుగుల లోతు చలిలోనైనా పిల్లల్ని కంటుంది. 2000 తరువాత కొద్ది ఏళ్ళలోనే అది హ్యూరన్, మిషిగన్ సరస్సుల అడుగున పరచుకొన్నది. (క్వాగా అనేది దక్షిణాఫ్రికాలో ఒకప్పుడుండిన, చారల గుర్రం వంటి జంతువు. వేటాడి దాని వంశమే లేకుండా చేశారు. తుడిచిపెట్టుకుపోయిన జీవి పేరును, తుడిచిపెట్టటం ఎవరి తరమూ కాని జీవికి పెట్టారు.)

ఒక్కొక్క ఆల్చిప్ప రోజుకు లీటరు దాకా నీటిని వడకడుతుంది. లక్షల కోట్ల ఆల్చిప్పలు పగలూ రాత్రీ అదే పనిలో ఉంటే నీరు తేటబడక ఏమవుతుంది? ఇవి వడకట్టి తీసేది మురికిని కాదు. ప్లవకాలు, అంటే కంటికి ఆనని ఆ పచ్చని జీవుల్ని తినేస్తాయి. నీటికి పచ్చదనం, మసక ఇచ్చేవి అవే. సరస్సులోని తక్కిన సమస్త జీవరాశికీ మొదటి ముద్ద కూడా అవే. మిషిగన్ సరస్సులో ప్రతి వసంతంలోనూ ప్లవకాలు ఉప్పెనలా పెరగటం వేల ఏళ్ళుగా జరుగుతూ వచ్చింది. ఆ వసంతం ఇప్పుడు దాదాపు రావటం లేదు. పుట్టుకతోనే తేటనీరుగా పేరుపడ్డ సుపీరియర్ సరస్సు కంటే మిషిగన్, హ్యూరన్ సరస్సులు ఇప్పుడు తేటగా ఉన్నాయని ఉపగ్రహ చిత్రాలను పరిశీలించినవారు 2017లో తేల్చారు. ఈ వార్త చదివి పండుగ చేసుకున్న ఈతగాళ్ళున్నారు.

ఈ వార్తకు రెండో సగం ఉన్నది. సరస్సు అడుగు బురదలో డైపోరియా అని రొయ్యను పోలిన చిన్న జీవి ఉండేది. చదరపు మీటరుకు వేల లెక్కన ఉండేది. కొవ్వు నిండిన జీవి; చేపలకు పప్పూ నెయ్యీ రెండూ అదే. ఆల్చిప్పలు వచ్చాక అది చాలా చోట్ల కనబడకుండా పోయింది. 2003, 2004 ప్రాంతంలో హ్యూరన్‌లో ఆల్‌వైఫ్ అనే చిన్న చేపల సంతతి కుప్పకూలింది. వాటిని తిని బతికే చినూక్ సాల్మన్ వెంటనే పడిపోయింది. సాల్మన్ వేటకు వచ్చేవాళ్ళ మీద బతికే రేవు ఊళ్ళు కొన్ని ఆ దెబ్బనుంచి ఇంకా తేరుకోలేదు.

ఆల్‌వైఫ్, చినూక్ రెండూ బయటినుంచి వచ్చినవే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. వైట్‌ఫిష్ అలా కాదు. అది ఈ సరస్సుల సొంత చేప. ఒడ్డున ఉండే అనిషినాబే తెగల వారికి అది తరతరాల అన్నం. 1836 నాటి ఒప్పందంలో తమ నేలలో చాలా భాగాన్ని వదులుకొంటూ కూడా వాళ్ళు చేపలు పట్టుకొనే హక్కును వదులుకోలేదు. ఆ హక్కును నిలబెట్టుకోవటానికి 1970లలో కోర్టులకు ఎక్కవలసివచ్చింది. ఎక్కి, గెలిచారు. ఇప్పుడు హక్కున్నది, వల ఉన్నది. వలలో పడవలసిన చేప తగ్గిపోయింది. పడ్డదీ బక్కచిక్కి ఉంటున్నది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మొదటి వారాల్లో తినటానికి ప్లవకం ఉండటం లేదు. ఎనభై అడుగుల చూపుమేర అంటే అర్థం ఇది కూడా. నాకూ ఓడకూ మధ్య ఎనభై అడుగుల్లో ఏమీ లేదని.

ఈ సందర్భంలో నాకు మా కొల్లేటి పక్క సంగతి గుర్తుకు వస్తుంది. మా మేనమామగారు కైకలూరు దగ్గర చేపల చెరువు చేసేవారు. శీలావతి, బొచ్చె. పొద్దున్నే గట్టుమీదినుంచి దిగి, అరచెయ్యి చాచి మోచేతి దాకా నీటిలో ముంచి చూసేవారు. మోచెయ్యి మునిగేసరికి అరచెయ్యి కనబడకుండా పోవాలి. ఇంకా కనబడుతూ ఉంటే ఆయన మొహంలో కళ తప్పేది. "నీళ్ళు తేటబడ్డాయిరా, పేడా సూపరూ పడాలి" అనేవారు. తేటగా ఉంటే మంచిదే కదా మామయ్యా అని ఒకసారి అంటే, "తేటనీళ్ళు నువ్వు తాగుతావు గాని, చేప ఏం తింటుందిరా?" అన్నారు. తరువాత్తరువాత ఆ ప్రాంతపు రైతులు చేతికి బదులు తాడుకు కట్టిన పళ్ళెం ఒకటి వాడటం నేర్చారు. చదువుకున్న కుర్రాళ్ళు దాన్ని సెకీ డిస్క్ అంటారు. నలుపూ తెలుపూ రంగులు వేసిన గుండ్రటి రేకు. అది ఇరవై అయిదు నుంచి నలభై సెంటీమీటర్ల లోతులో కనబడకుండా పోతే చెరువు బాగున్నట్టు. అరవై దాటినా కనబడుతూ ఉంటే చేప పస్తున్నట్టు. ఇరవైలోపే మాయమైతే ప్లవకం మితిమీరి పెరిగినట్టు. తెల్లవారుజామున చేపకు ఊపిరాడదు.

ఈ పళ్ళెం కథ 1865లో ఇటలీలో మొదలయింది. ఏంజెలో సెకీ అనే మతగురువు ఖగోళశాస్త్రజ్ఞుడు కూడా. పోపుగారి నౌక మీదినుంచి తెల్లని పళ్ళేలను మధ్యధరా సముద్రంలోకి దింపి, ఎంత లోతున కంటికి ఆనకుండా పోతున్నాయో కొలిచాడు. నూట అరవై ఏళ్ళు గడిచినా సరస్సుల తేటదనాన్ని కొలవటానికి దీనికంటే చౌకైనదీ, నమ్మకమైనదీ రాలేదు. మిషిగన్‌లో శాస్త్రజ్ఞుడూ, ఆకివీడులో చేపల రైతూ దింపేది ఒకే పళ్ళెం. ఒకరికి శుభవార్త అయిన అంకె రెండోవారికి అశుభం. పళ్ళెం ఎంత లోతున మాయమైందో చెబుతుంది, ఎందుకు మాయమైందో చెప్పదు. చూపుమేర కూడా అంతే.

మన భాషే మనల్ని ఇక్కడ కాస్త పక్కదారి పట్టిస్తుందేమో. తేట అంటే మనకు మంచిదే. మాట తేటగా ఉండాలి, తెలుగు తేటగా ఉండాలి, మనసు తేటపడాలి. బిందెలో కాలవనీళ్ళు పోసి, చిల్లగింజ అరగదీసి కలిపితే తెల్లారేసరికి ఒండ్రు అడుగుకు చేరి నీరు తేరేది. ఆ తేటను తాగి పెరిగిన జాతి తేటనీరే మంచినీరు అనుకోవటంలో వింతలేదు. కాని అదే గోదావరి ఒడ్డున, వర్షాకాలం మొదట్లో ఎర్రనీరు వచ్చిందంటే రైతు సంతోషించేవాడు. చేనుకు ఆ ఒండ్రే బలం. బిందెకు ఒక న్యాయం, చేనుకు ఒక న్యాయం అని మనవాళ్ళకు బాగానే తెలుసు. సరస్సును బిందెగా చూడాలా, చేనుగా చూడాలా అన్నదే ఇక్కడి తగవు.

అలాగని తేటదనమంతా దొంగదేనని నేను అనను. సియాటిల్, బెల్వ్యూలలో ఉన్న మనవాళ్ళు రోజూ వంతెన మీద దాటే వాషింగ్టన్ సరస్సును తీసుకోండి. 1950లలో చుట్టుపక్కల ఊళ్ళ మురుగు శుద్ధి కేంద్రాల నీరంతా అందులో కలిసేది. 1955లో ఒక రకం నాచు కనబడినప్పుడు ఎడ్మండ్సన్ అనే శాస్త్రజ్ఞుడు అది రాబోయే చెడుకు గుర్తు అని హెచ్చరించాడు. 1964 ప్రాంతంలో వేసవి చూపుమేర మూడడుగులకు మించలేదు. ప్రజలు ఓటువేసి, తమ డబ్బుతో గొట్టాలు వేయించుకొని, 1968 నాటికి మురుగును పూర్తిగా మళ్ళించారు. నీరు తేటబడింది. 1976 తరువాత డాఫ్నియా అనే నీటి ఈగలు పెరిగి, ఇరవై అడుగులు దాటింది. అక్కడ కూడా నాచును తిన్నది జీవులే. అయితే ఆ డాఫ్నియాను చేప తింటుంది. ముద్ద చేతులు మారుతుంది. ఆల్చిప్ప దగ్గర ముద్ద ఆగిపోతుంది. గోబీ వంటి ఒకటి రెండు చేపలు తప్ప గట్టి గుల్లను నమిలి తినేవి ఇక్కడ తక్కువ.

ఈరీ సరస్సు సంగతి చూస్తే ఇంకా విచిత్రం. ఆల్చిప్పలకు విషపునాచు రుచించదు. నోట్లో పడితే ఉమ్మేస్తాయి. దాని పోటీదారుల్ని మాత్రం తినేస్తాయి. పొలాలనుంచి వచ్చే భాస్వరం దానికి ఎటూ ఉన్నది. 2014 ఆగస్టులో టొలీడో ఊళ్ళో దాదాపు అయిదు లక్షలమందికి కొళాయి నీళ్ళు తాగవద్దని ఆజ్ఞ జారీ అయింది. మరగబెట్టినా పనికిరాదన్నారు.

ఆ పెద్దమనిషితో ఒకసారి ఈ వాదన పెట్టుకున్నాను. "అయితే 1960ల మురికి మళ్ళీ కావాలంటావా?" అన్నారు. అలా కాదు. 1972లో అమెరికా, కెనడాలు ఒప్పందం చేసుకొని భాస్వరాన్ని అదుపుచేయటం వల్ల వచ్చిన తేటదనం కొంత ఉన్నది. అది మనుషులు కష్టపడి సంపాదించినది. దానికి నేను నమస్కరిస్తాను. ఆల్‌వైఫ్ పోయాక హ్యూరన్‌లో దేశవాళీ లేక్ ట్రౌట్ తిరిగి సొంతంగా పిల్లల్ని పెట్టటం మొదలుపెట్టిందన్నదీ, సాగినా అఖాతంలో వాలై చేప పుంజుకొన్నదన్నదీ కూడా నిజమే. సరస్సు లెక్కలు అంత సులువుగా ఒక పక్కకు మొగ్గవు. కాని 'నీరు తేటగా ఉంది గనక సరస్సు బాగుంది' అనే మాట ఈ లెక్కలన్నిటినీ ఒక్క వేటుతో కొట్టివేస్తుంది. ఓటు వేయవలసినవాడూ, పన్ను కట్టవలసినవాడూ ఆ మాట నమ్మితే వైట్‌ఫిష్ కోసం ఖర్చు పెట్టటానికి ఎవరు ఒప్పుకుంటారు? పర్యాటక కరపత్రాల్లో ఆ మాట చూసినప్పుడల్లా నాకు చిరాకు వేసేది ఇందుకే.

కనీసం ఓడలనైనా చూసుకోవచ్చు కదా అంటారా? అక్కడే వచ్చింది చిక్కు. ఏ ఆల్చిప్ప మనకు ఓడను చూపించిందో అదే ఓడను కప్పేస్తున్నది. గ్రీషియన్ కమ్ములమీద చెయ్యి పెట్టటానికి చోటు లేదు. అంగుళాల మందాన గుల్లలు. చెక్క ఓడల మీద చెక్కిన పేర్లు, మేకుల వరసలు, గొడ్డలి గాట్లు వాటికింద మాయమయ్యాయి. గుల్ల తన పోగులతో చెక్కను అంటిపెట్టుకొంటుంది. ఊడబెరికితే పైపొర కూడా ఊడి వస్తుంది. అవి పేరుకొన్న బరువుకు పాత కొయ్యలు, పలకలు కుంగుతాయి. ఇనుప మేకుల తుప్పును త్వరపెడతాయి. సముద్రపు పురుగు లేకపోవటం వల్ల నూట యాభై ఏళ్ళు నిలిచిన ఓడకు ముప్ఫయి ఏళ్ళలో కొత్త పురుగు పట్టింది. పది పదిహేనడుగులే కనబడిన రోజుల్లో ఆ పెద్దమనిషి చేత్తో తడిమి చదివిన ఓడపేరును నేను ఎనభై అడుగుల తేటనీటిలో కూడా చదవలేకపోయాను.

కాబట్టి తోటి ఈతగాళ్ళను నేను అడిగేది కొంచెమే. లాగ్‌బుక్‌లో లోతు, వేడి, చూపుమేర రాస్తాం. దానికింద ఇంకో గడి గీసుకొని, కనబడిన చేపలెన్నో, గుల్లల మందం ఎంతో రాయటానికి అరనిమిషం పట్టదు. సరస్సు అడుగును సొంత కళ్ళతో చూసే సామాన్యులం మనమే. రెండోది, హ్యూరన్‌లో తడిసిన సూట్లు, రెగ్యులేటర్లు, ముఖ్యంగా గాలితిత్తిలో మిగిలిన నీరు శుభ్రంగా వంచి, కడిగి, బాగా ఆరబెట్టిన తరువాతే ఇంకో సరస్సులో దిగాలి. ఆల్చిప్ప పిల్లలు కంటికి కనబడవు, చుక్క నీటిలో ప్రయాణం చేస్తాయి. 2007 జనవరిలో ఇక్కడికి రెండువేల మైళ్ళ దూరంలో, ఎడారి నడుమ ఉన్న లేక్ మీడ్‌లో క్వాగా కనబడింది. అక్కడికి ఓడదారి లేదు. ఎవరో పడవను ట్రెయిలరు మీద లాక్కొని పోయి ఉంటారు. 2006, 2008 ప్రాంతాల్లో ఓడల అడుగునీటిని సముద్రంలోనే ఉప్పునీటితో కడిగి రావాలని కెనడా, అమెరికా కట్టడి చేశాక, బయటినుంచి కొత్త జీవుల రాక బాగా తగ్గింది. ఆ నియమాలను భారమని సడలించమనేవాళ్ళ పక్షాన నేను లేను. అవి ఇరవై ఏళ్ళు ముందు వచ్చి ఉంటే ఈ టపా రాయవలసిన పని ఉండేది కాదు.

ఈ జూలైలో మళ్ళీ అల్పీనా పోతున్నాను. చలి తట్టుకోగలిగినవాళ్ళు, డ్రైసూట్ ఉన్నవాళ్ళు ఎవరైనా వస్తామంటే సంతోషం, పడవలో చోటున్నది. అన్నట్టు, థెర్మోక్లైన్‌కు చలిగడప కంటే మంచి మాట తోస్తే చెప్పండి. 'గడప' అంటే దాటేది గనక నాకు నచ్చింది గాని, దానికి మందం కూడా ఉన్నదన్న సంగతి ఆ మాటలో రావటం లేదు.